నారేపి నేల

గిద్దలూరు,
11-1-1937

వదినగారికి,
మరిది చెన్నకేశవరావు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని రాయలేను. దుర్గాంబకు చలిజ్వరం మళ్ళీ తిరగబెట్టింది. ఒకరోజు విడిచి ఒకరోజు వస్తున్నది. కొయినా మాత్రలతో చెవులు హోరెత్తి, పక్కన నిలబడి పిలిచినా పలకడం లేదు. ఆసుపత్రి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "అడవి అంచున ఇంకో వానాకాలం గడిపితే ఈ మనిషికి నేను పూచీ పడలేను" అన్నాడు. అందుకని వానలు పడేలోపల మేము మార్కాపురం వచ్చేయాలని నిశ్చయించుకున్నాము.

పంపకాల్లో ఇంటి పైభాగం నాకు వచ్చిన సంగతి మీకు తెలిసిందే. అన్నయ్య పడిపోయిన నాటినుంచి ఆ గదికి నేల లేదు. మిగతా చెక్కలు కూడా పీకించేశాక ఉత్త దూలాలు మిగిలాయి. నేను కట్టెల డిపోలో గుమాస్తాను కాబట్టి మంచి చెక్క దొరకడం కష్టం కాదు. టేకు, యేగిస, నారేపి, ఈ మూడింటిలో ఒక్కొక్క ముక్క బండి సుబ్బయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నాకు నేల అయ్యేది మీకు కప్పు అవుతుంది. అందుకని ఏది పరిపించాలో మీరే చెప్పండి.

ఇట్లు,
చెన్నకేశవరావు


మార్కాపురం,
20-1-1937

మరిది చెన్నకేశవరావుకు,
వదిన సీతామహాలక్ష్మి వ్రాయునది.

నీ చెక్కముక్కలు మూడూ చేరాయి. నీళ్ళ గంగాళం ఒక పక్కకు ఒరుగుతుంటే టేకుముక్క దాని కింద పెట్టాను. మిగిలినవి పెరట్లో పారేశాను.

నువ్వు గిద్దలూరినుంచి చెక్క పంపడం ఇది మొదటిసారి కాదు. ఆరోజు కూడా మంచి చెక్క అనే రాశావు. దాని మీద కాలు పెట్టే మీ అన్నగారు వంటింట్లో పడ్డారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చెక్క విరిగిన చప్పుడు ముందు వినిపించింది, మనిషి తర్వాత పడ్డారు. నడుము విరిగి మంచాన పడి, నోట మాట లేకుండా పోయినారు. రెండేళ్ళు తిరిగేసరికి నువ్వు మళ్ళీ చెక్క పంపి, ఏది బాగుందమ్మా అని నన్ను అడుగుతున్నావు.

నాకు చెక్క వద్దు. ఈ ఊరి చుట్టూ రాతిగనులే. గాలి వీస్తే పలకరాతి దుమ్ము అన్నంలో పడుతుంది. రాయి లేక చచ్చిపోతున్నామా? రాతిబండలు పరిపించుకో.

దుర్గాంబ జ్వరం సంగతి చదివాను. కిందటేడు కూడా జ్వరమనే రాశావు. ఆ నెలలోనే కంభంలో పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వచ్చిందని చూసినవాళ్ళు చెప్పినారు.

కోతుల బాధ ఎక్కువైంది. కప్పు పెంకులు పీకి నూతిలో వేస్తున్నాయి. అదీ నీ భాగమే.

సీతామహాలక్ష్మి


గిద్దలూరు,
2-2-1937

వదినగారికి నమస్కారములు.

కంభం పెళ్ళికి వచ్చింది దుర్గాంబ కాదు, ఆమె చెల్లెలు సరోజమ్మ. ఇద్దరిదీ ఒకే పోలిక. ఆ రోజు దుర్గాంబ ఇక్కడ నాలుగు దుప్పట్ల కింద పళ్ళు కొరుకుతూ ఉంది. జ్వరం ఉందని నమ్మించడానికి డాక్టరు చేత రాయించి పంపవలసి వస్తుందని నేను అనుకోలేదు.

రాతిబండల మాట. మా తాతగారు వేయించిన దూలాలు అవి. కొసలు గోడలో నాని ఉన్నాయి. చెక్క బరువు మోస్తాయి కాని రాతి బరువు మోయవు. మోయలేకపోతే ఆ బండలు మీ నెత్తినే పడతాయి. మీరు కోరింది అదే అయితే సరే.

బండి సుబ్బయ్య ఇంకొక సంగతి చెప్పినాడు. "అమ్మగారు మెట్ల తలుపుకు కొత్త తాళం ఏసినాదయ్యా. తాళంచెవి బొడ్డున దోపుకోని తిరగతాంది" అన్నాడు. పైభాగానికి పోయే దారి అది ఒక్కటే. నా భాగానికి తాళం వేసే హక్కు మీకు ఎవరిచ్చారు? అన్నయ్య ఉన్నంతకాలం నేను ఆ ఇంట్లో గొంతెత్తలేదు. ఇప్పుడూ ఎత్తను. వకీలు చేత ఎత్తిస్తాను.

చెన్నకేశవరావు


మార్కాపురం,
9-2-1937

చెన్నకేశవరావుకు,

నోటీసు పంపు. గంగాళం ఇంకా కొంచెం ఒరుగుతూనే ఉంది, దాన్నీ మడిచి కింద పెడతాను.

తాళం ఎందుకు వేశానో అడిగి ఉంటే చెప్పేదాన్ని. పాలు పోసే చెంచమ్మ వడియాలు ఎండబెడతానని చేట పట్టుకుని మెట్లెక్కింది. పైన నేల లేదని ఆమెకు తెలుసు, మాటల్లో పడి మరిచింది. గడప దాటి ఒక కాలు గాలిలో పెట్టింది. ద్వారబంధం చేతికందింది కాబట్టి బతికింది. ఈ వంటింట్లో ఇంకొక మనిషి పడడం నేను చూడలేను. అందుకు వేశాను. నీ భాగం నేనేమీ మూట కట్టుకోలేదు.

దూలాలు నానినాయంటావు. మరి ఆ చెక్క ఎందుకు విరిగింది? పదో రోజు చుట్టాలందరి ముందు నిన్ను అదే అడిగాను. "డిపోలో ఎవరూ కొనని పుచ్చుచెక్క అన్నకు అంటగట్టినావు, నువ్వే చంపినావు" అన్నాను. నువ్వు తల దించుకుని నిలబడ్డావు. తప్పు లేనివాడు అట్ల నిలబడతాడా? ఆ రోజు నువ్వు ఒక్క మాట కాదని ఉంటే, నమ్మకపోయినా, కనీసం విని ఉండేదాన్ని.

సీతామహాలక్ష్మి


గిద్దలూరు,
16-2-1937

వదినగారికి,

ఇప్పుడు వినండి.

నేను పంపింది యేగిస. చేవగల చెట్టు చూసి, నేనే దగ్గరుండి కోయించి, ఎండబెట్టించి రైలుకెక్కించాను. అన్నయ్య కిందపడిన సంగతి తెలిసి వచ్చిన రోజున మీ వంటింట్లో మూలకు ఊడ్చి పెట్టిన ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. గోరుతో గీస్తే గీత పడింది. అది మామిడి చెక్క. పైన ఎర్రరంగు పూశారు. లోపలంతా చెదలు. పుట్టినప్పటినుంచి చెక్క మధ్య బతుకుతున్నవాడిని, నాకు ఆ మాత్రం తెలియదా?

నేను పంపిన చెక్క మీ ఇంటికి చేరిందని మీకెవరు చెప్పారు?

రాత్రినుంచి దుర్గాంబ ఎవరెవరినో పేరు పెట్టి పిలుస్తున్నది. మీ పేరు కూడా పిలిచింది. అందుకే మీకు జవాబు రాయడానికి కూచున్నాను, లేకపోతే రాసేవాడిని కాదు.

చెన్నకేశవరావు


మార్కాపురం,
20-2-1937

చెన్నకేశవరావుకు,

నా ఇంటికి చేరకపోతే ఎక్కడికి చేరింది? తెలిసి రాశావా, నోటికొచ్చింది రాశావా? తిరుగు టపాలో జవాబు కావాలి.

సీతామహాలక్ష్మి


గిద్దలూరు,
25-2-1937

వదినగారికి నమస్కారములు.

కోపంలో ఏదో రాశాను. మనసులో పెట్టుకోవద్దు. స్టేషనులో సరుకు మారిపోయి ఉండవచ్చు. అటువంటివి జరుగుతుంటాయి. పోయిన చెక్క సంగతి వదిలేసి, ఇప్పుడు పరచవలసినదాని సంగతి చూద్దాం. మీరు ఏదీ చెప్పలేదు కాబట్టి టేకు ఖాయం చేస్తాను. చూడడానికి కూడా బాగుంటుంది.

దుర్గాంబకు ఈ రెండురోజులు కాస్త నయం. మజ్జిగన్నం తిన్నది.

చెన్నకేశవరావు


మార్కాపురం,
8-3-1937

చెన్నకేశవరావుకు,

టేకు ఖాయం చెయ్యవద్దు. ఇది చదివినాక మాట్లాడు.

నీ జవాబు కోసం నేను ఎదురుచూడలేదు. అప్పట్లో మన ఇంట్లో నేల పరిచిన వడ్రంగి యోబును పిలిపించాను. గుమ్మం బయటే నిలబడి తువాలు నలుపుకున్నాడు.

"మా మరిది పంపిన చెక్క ఏమైంది యోబూ?" అన్నాను.

"అయ్యగారు దింపమన్నకాడ దింపినానమ్మా. నేనేం జేసేది."

"ఏడ దింపమన్నారు?"

"త్రిపురాంతకంలో. పూలమ్మే అలివేలమ్మ ఇంటికాడ. అటక మీద నేనే పరిచినా."

"మరి మా ఇంట్లో పరిచింది ఏంది?"

"మామిడి. నడిచే నేలకు పనికిరాదయ్యా అని సెప్పినా. రంగు పూస్తే ఎవరికి తెలుస్తుందిలే అన్నాడు."

ఏ చెక్క ఏ ఊళ్ళో దింపినాడో చెప్పినాక ఇంక అడిగేదేముంది? ప్రతి శుక్రవారం అమ్మవారి దర్శనమని త్రిపురాంతకం పోయేవాడు మీ అన్న. ప్రసాదం తెచ్చేవాడు. నేను కళ్ళకద్దుకుని తినేదాన్ని.

చెంచమ్మను తోడు తీసుకుని బస్సెక్కాను. తిట్టడానికే పోయినాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఊళ్ళో అడిగితే ఇల్లు ఎవరైనా చూపించారు. ఆమె గుమ్మంలో కూచుని మాల కడుతున్నది. నాకంటే చిన్నదేమీ కాదు. అదొకటి నేను అనుకోలేదు. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరు ఎప్పుడో ఒకప్పుడు వస్తారనే అనుకున్నా. ఇంత ఆలస్యమయితాదని అనుకోలా, అక్కా" అన్నది.

"అక్కా అనబాకు. నేల చూపించు" అన్నాను.

నిచ్చెన వేసింది. ఎక్కాను. ఏం నేల అది. ఎర్రగా, నున్నగా, సన్నటి చారలతో ఉంది. నూనెగుడ్డతో తుడుచుకుంటుందట. చెద లేదు, చీలిక లేదు. చెక్కకూ చెక్కకూ మధ్య గోరు దూరదు. ఒక మూల తడిగుడ్డలో మల్లెమొగ్గలు పెట్టుకుంది. నేను దాని మీద నిలబడి అడుగు గట్టిగా వేసి చూశాను. కదల్లేదు.

"కింద తేళ్ళు ఎక్కువ. పండుకునేదానికి ఒక అటక ఏపియ్యమని అడిగినా. అది మీ ఇంటికి పోవాల్సిన చెక్కని నాకు తెలీదు. పీకించుకోని పోండి. బండి నేనే మాట్లాడతా" అన్నది. ఆమే మళ్ళీ అన్నది: "ఆయన పోయినాడని నాకు ఎవురూ చెప్పలా. సంతలో ఎవరో అనుకుంటుంటే ఇన్నా. ఏడ్చేదానికి గూడా నాకు వరస లేదు."

పేర్చుకుపోయిన మాటల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాను. నిచ్చెన ఊగింది. అప్పుడు నేనే పట్టుకున్నాను. ఇంటికొచ్చి తలస్నానం చేసి పడుకున్నాను.

మంచాన ఉన్నన్నాళ్ళూ ఎట్ల పడ్డారని అడిగితే మీ అన్న గోడవైపు తిరిగేవాడు. నొప్పి అనుకున్నాను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు ఆ ముక్కలు చూసినావు. మామిడి అని తెలుసుకున్నావు. చెక్క ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించుకున్నావు. పదో రోజు నేను నీ ముఖాన దుమ్మెత్తి పోస్తుంటే నిలబడి పోయించుకున్నావు. రెండేళ్ళ తర్వాత స్టేషనులో సరుకు మారిపోయిందని నాకు కథ చెబుతున్నావు. నీకు నేను అంత తెలివితక్కువదానిలా కనబడుతున్నానా?

సీతామహాలక్ష్మి


గిద్దలూరు,
17-3-1937

వదినగారికి,

పదో రోజు జవాబు నా నోట్లోనే ఉంది. చెబితే ఏమయ్యేది? బొట్టు చెరిపి కూచోబెట్టిన మిమ్మల్ని, మీ ఆయన మీ ఇంటి చెక్క ఇంకెక్కడికో తరలించినాడమ్మా అని చుట్టాల ముందు చెప్పవలసింది. ఆ రోజు మీకు మిగిలింది ఆయన మీవాడన్న మాట ఒక్కటే. దాన్ని కూడా తీసెయ్యమంటారా?

ఇది నా మంచితనమని మీరు అనుకోవద్దు, నేనూ అనుకోవడం లేదు. మీరు నన్ను హంతకుడన్న మాట చెవిన పడ్డప్పుడల్లా, బంధువులు నన్ను చూసి మాట మార్చినప్పుడల్లా, ఊరంతటికీ చెప్పేయాలనిపించింది. చివరకు చెప్పనే చెప్పాను కదా. అలివేలమ్మ పేరు నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. చెక్క ఎక్కడికి పోయిందో నేను ఆరా తియ్యలేదు. తీస్తే తెలిసిపోతుందని తియ్యలేదు. ఆయన నా అన్న కూడా.

మీరు చెక్క సంగతి తేల్చకుండా రెండు నెలలు జరిపారు. ఎండలు ముదిరాయి. నిన్న దుర్గాంబ నూతి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరు ప్లీహం పెరిగిందంటున్నాడు. మీరు ఒప్పుకున్నా లేకపోయినా ఉగాది తర్వాత పని మొదలుపెట్టిస్తాను. తాళం తియ్యకపోతే పగలగొట్టిస్తాను.

చెన్నకేశవరావు


మార్కాపురం,
21-3-1937

చెన్నకేశవరావుకు,

నన్ను కాపాడినానని రాశావు. ఎవరు అడిగారు నిన్ను? నీ మౌనం పుణ్యమా అని రెండేళ్ళు తప్పు మనిషిని తిట్టాను, తప్పు మనిషి కోసం ఏడ్చాను. నా కోపం, నా ఏడుపు రెండూ దండగ చేసినావు. మీ అన్న చేసింది ఒక మోసం. నువ్వు దానికి అడ్డంగా నిలబడి కాపలా కాశావు. ఇద్దరూ నాకు ఏది తెలియాలో, ఏది తెలియకూడదో మీలో మీరే నిర్ణయించుకున్నారు. నీ మీద నాకు ముందున్న కోపం పోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది. ఇది తొందరగా పోయేది కాదు.

అయినా దుర్గాంబ నాకేం చేసింది? ఆ పిల్ల నీళ్ళు తోడుకునే స్థితిలో లేకపోతే నూతి దగ్గరకు ఎట్ల పోనిచ్చావు? నేల పరిచేదాకా ఆగవద్దు. ఈ ఉత్తరం అందగానే రైలెక్కించు. మార్కాపురం రోడ్డు స్టేషనుకు ఓబులయ్య గూడుబండి పంపుతాను. పైన నేల లేకపోతే కింద లేదా? నా గదిలో పడుకుంటుంది. కొయినా ఎన్ని మాత్రలో, ఎప్పుడెప్పుడో రాసి పంపు.

చెక్క సంగతి. పెరట్లో పారేసిన రెండు ముక్కలు, గంగాళం కింది టేకు, మూడూ తీసుకుపోయి గొడ్లపాక వెనక చెదలపుట్టలో పాతిపెట్టాను. నిన్న తవ్వి తీశాను. టేకు అంచున చెదలు కొంచెం ముట్టాయి. యేగిసను ముట్టలేదు. అయినా యేగిస వద్దు. ఆ ఎరుపు నా తల మీద వద్దు. అలివేలమ్మ నేల పీకించుకుని రమ్మని చెంచమ్మ పోరుతున్నది. ఒకరి నిద్ర పీకి నేను కప్పు వేసుకోలేను. అది అక్కడే ఉండనీ.

నారేపి ముక్క పుట్టలో వేసినప్పుడు ఎట్ల ఉందో అట్లనే ఉంది. మట్టి తుడిచి రోకలితో మోదాను. చెయ్యి బొబ్బ కట్టింది కాని దాని మీద గీత పడలేదు. అదే పంపు.

సీతామహాలక్ష్మి


గిద్దలూరు,
27-3-1937

వదినగారికి,

నారేపి వద్దని మనవి. అది ఇనుముతో సమానం. మేకు దిగదు, వంగిపోతుంది. ప్రతి మేకుకూ బర్మాతో ముందు రంధ్రం తొలచాలి. చిత్రిక పట్టేసరికి ఉలి పదును పోతుంది. యోబు ఒక నెల చేసే పని మూడు నెలలు చేస్తాడు. బరువు కూడా ఎక్కువ. టేకుకు నూనె పెట్టిస్తే చెద రాదు. మొండిపట్టు పట్టకండి.

దుర్గాంబను రేపటి బండికి ఎక్కిస్తున్నాను. నాకు సెలవు దొరకలేదు. సరోజమ్మ తోడు వస్తుంది. ఇద్దరిలో ఎవరు ఎవరో ఈసారి మీరు స్వయంగా చూసుకోవచ్చు.

చెన్నకేశవరావు


మార్కాపురం,
31-3-1937

చెన్నకేశవరావుకు,

దుర్గాంబ చేరింది. బండి దిగుతుంటే చూశాను. చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. అబద్ధమని రాసినందుకు ఆమెతో ఒక మాట అన్నాను. ఏమన్నానో అది మా ఇద్దరి మధ్య సంగతి, నీకు అక్కరలేదు.

బరువు ఎక్కువైతే చెక్క పలచగా కోయించు. మేకు దిగకపోతే తొలుస్తాడు. ఆలస్యమైతే అవుతుంది, మనిషి నా దగ్గరే ఉంది కాబట్టి తొందర లేదు. దూలాల కొసలు చూడమని కూడా యోబుకు చెప్పాను. రెండింటికి కొత్త కొసలు అతకాలన్నాడు, అతకమన్నాను. నారేపే పంపు. ఈసారి అది ఎక్కడ దిగుతుందో స్టేషనులో నేనే నిలబడి చూసుకుంటాను.

సీతామహాలక్ష్మి


గిద్దలూరు,
24-4-1937

వదినగారికి,

నారేపి ఈ రోజు రైలు వాగనుకెక్కింది. ప్రతి చెక్కా నేనే ఏరాను. ఎండలో నిలబడి రెండు వైపులా తట్టి చూశాను. ముడి ఉన్నది ఒక్కటి కూడా పంపలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా సరే.

దుర్గాంబ రాసిన కార్డు అందింది. పది రోజులనుంచి జ్వరం రాలేదని రాసింది. మీరు రాగిజావ బలవంతాన తాగిస్తున్నారని కూడా రాసింది. దానికి రాగిజావ అంటే గిట్టదు.

నాకు వచ్చే నెల చివర డిపో పనినుంచి విడుదల దొరుకుతుంది. నేను రావడం మీకు ఇష్టం లేకపోతే స్పష్టంగా రాయండి. దుర్గాంబ అక్కడ ఉంటే చాలు. నేను ఎక్కడైనా ఉంటాను.

చెన్నకేశవరావు


మార్కాపురం,
19-6-1937

చెన్నకేశవరావుకు,

విడుదల ఇంకో నెల వాయిదా పడిందన్నావని దుర్గాంబ చెప్పింది. అందుకని రాస్తున్నాను.

నేల పరచడం మొన్నటితో అయిపోయింది. యోబు ఉలులు నాలుగు పాడయినాయి, నన్ను లోపల తిట్టుకునే ఉంటాడు. నల్లగా, బరువుగా ఉంది నేల. చూడడానికి అందంగా లేదు. నీ టేకు బాగుండేదేమో. తొలివాన కూడా పడింది, కప్పు రెండుచోట్ల కారింది. పెంకులు మార్పించాను.

పని అయినాక ఎవరూ పైకి పోలేదు. యోబు దిగివచ్చి నిలబడ్డాడు, చెంచమ్మ నిలబడింది. మెట్ల తలుపు తీసి నేనే ఎక్కాను. మీ అన్న కాలు పెట్టి పడినచోటికి, వంటింటి పొయ్యికి సరిగ్గా పైన ఉన్న చోటికి, పోయి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. తర్వాత దుర్గాంబను రమ్మన్నాను.

ఆమె పడక పైకి మార్చాము. ఈ పొద్దున నేను పొయ్యి ముట్టిస్తుంటే తల మీద అడుగుల చప్పుడు వినిపించింది. చేతిలో గరిటె అట్లనే పట్టుకుని విన్నాను. కిటికీదాకా పోయింది, తిరిగి వచ్చింది, మళ్ళీ పోయింది. రెండు నెలల కిందట మంచం దిగితే గోడ పట్టుకునే మనిషి. ఆ నడక ఆగేదాకా పొయ్యి మీద పాలు పొంగిన సంగతి చూసుకోలేదు.

నువ్వు రా. రావద్దని నేను రాయను. నీతో మాట్లాడతానో లేదో ఇప్పుడు చెప్పలేను. అన్నం మాత్రం పెడతాను.

సీతామహాలక్ష్మి